ఫార్మాట్ కొట్టకుండా బాగుచేశారు – సీటీసీలోని ఈ షాపుకి నా నాలుగు స్టార్లు

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్, ఎప్పుడైనా కంప్యూటర్ కొన్నవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. ముందు వైపు కొత్త ల్యాప్‌టాపులు అమ్మే మెరుపుల షోరూములు ఉంటాయి. ఈ కంప్యూటర్ రిపేరు షాపు అలాంటిది కాదు. ఒక బల్ల, రెండు పాత మానిటర్లు, గోడకి వేలాడే కేబుళ్ళు, మూత తీసి పెట్టిన నాలుగైదు సీపీయూలు. అంతే. ఇక్కడ పని మొదలుపెట్టే ముందు జబ్బేంటో కనుక్కుంటారు. వినడానికి ఇది మామూలు మాటే. కానీ విండోస్ వేయించాక హ్యాంగ్ అవుతున్న సిస్టమ్ పట్టుకుని తిరిగినవాళ్ళకి తెలుసు, ఇది ఎంత అరుదో.

నేను మల్కాజిగిరిలో ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ సంతాప సభల కరపత్రాలు. అన్నీ అనూ తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లో. ఆ పేజ్‌మేకర్ 2001లో వచ్చింది, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అయినా మా ప్రెస్సువాళ్ళు ఇప్పటికీ ఆ ఫైలే పంపమంటారు. నా సిస్టమ్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది: నాలుగో తరం ఐ3, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, ఒక పాత 500 జీబీ హార్డ్ డిస్క్. దాని మీద విండోస్ 10 నడిచేది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కస్టమర్ల ఆధార్ కాపీలు, పాస్‌పోర్టు ఫోటోలు నా డిస్కులో ఉంటాయి కాబట్టి నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఇంటి దగ్గరున్న ఒక షాపులో హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో నడిచే వేగమైన డిస్కు) వేయించి, విండోస్ 11 ఎక్కించమన్నాను. లెక్క ప్రకారం విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. నా దానికి ఆ రెండూ లేవు. వాళ్ళు ఆ చెకింగ్ దాటించి ఇన్‌స్టాల్ చేసి ఇచ్చారు.

మొదటి రోజు సంతోషంగానే ఉంది. బటన్ నొక్కి స్టవ్ మీద టీ పెట్టేలోపు సిస్టమ్ రెడీ. మర్నాటి నుంచి మొదలైంది. పేజ్‌మేకర్‌లో ఫైలు సేవ్ చేయగానే తెర బిగుసుకుపోతుంది. మౌస్ బాణం కదులుతుంది కానీ ఎక్కడ నొక్కినా పలకదు. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచితే తమాషాగా ఉండేది: డిస్క్ 100 శాతం అని చూపిస్తుంది, పక్కనే చదివే వేగం, రాసే వేగం రెండూ సున్నా. అర నిమిషం అలా ఉండి, ఏమీ జరగనట్టు మళ్ళీ నడుస్తుంది. కొన్నిసార్లు అసలు తిరిగి రాదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాల్సిందే. ఎదురుగా పెళ్ళివాళ్ళు కూర్చుని వరుడి తాతగారి పేరు ముందు శ్రీ పెట్టాలా, కీర్తిశేషులు అని వేయాలా అని చర్చించుకుంటున్నప్పుడు ఇలా అయితే ఎలా ఉంటుందో డీటీపీ చేసేవాళ్ళనే అడగండి.

వేసిన షాపుకే తీసుకెళ్ళాను. ఫార్మాట్ కొట్టారు. మళ్ళీ అదే గోల. ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు కాళ్ళని ఎరేజర్‌తో రుద్ది, మళ్ళీ పెట్టి, ఇంకోసారి ఫార్మాట్ కొట్టారు. ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ అనూ, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్, స్కానర్ అన్నీ నేనే తిరిగి వేసుకోవాలి. చివరికి తేల్చిన మాట: "బోర్డు వీక్ అయింది మేడం, విండోస్ 11 దీనికి బరువు." కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి పద్నాలుగు వేలకి ఎస్టిమేట్ రాసిచ్చారు. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. ఊళ్ళో సగం షాపులు ఇదే చేస్తాయి.

ఇక ఈ షాపు. ఓనరు యాభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. సీపీయూ బల్ల మీద పెట్టగానే స్క్రూడ్రైవర్ అందుకోలేదు. ముందు ప్రశ్నలు అడిగారు. బిగుసుకుపోయినప్పుడు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే లైటు మారుతోందా? మౌస్ కదులుతోందా? దానంతటదే తిరిగి వస్తే ఎంతసేపటికి? ఏ పని చేస్తుంటే ఎక్కువ? లైటు మారుతోందంటే లోపల సిస్టమ్ ఇంకా బతికే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోంది అని అర్థమట. లైటు కూడా మారకపోతే ర్యామ్, పవర్ సప్లై, గ్రాఫిక్స్, వేడి లాంటి వాటిని అనుమానించాలి. నా దానికి చాలాసార్లు లైటు మారేది. ఆ ఒక్క జవాబుతోనే ఆయన ముఖంలో సగం తేలిపోయినట్టు కనిపించింది.

తర్వాత మానిటర్‌కి కలిపి ఆన్ చేసి, కీబోర్డు నా వైపు తోశారు. "పాస్‌వర్డ్ మీరే కొట్టుండ్రి మేడం, నాకు చెప్పకుండ్రి." నాకు ఈ షాపు నచ్చింది ఆ క్షణంలోనే. ఇంతకుముందు వెళ్ళిన చోట పాస్‌వర్డ్ ఒక స్లిప్పు మీద రాయించుకుని సీపీయూకి అతికించారు!

విండోస్ తనలో జరిగినవన్నీ రాసి పెట్టుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్, తెరిచారు. అందులో ఎర్రగా కెర్నల్ పవర్ 41 అని చాలా ఉన్నాయి. నేను ఇంట్లో అది చూసి పవర్ సప్లై పోయిందేమో అనుకుంటున్నానని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా సిస్టమ్ ఆగిపోయిందని మాత్రమే అది చెప్తుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. నేను బటన్ పట్టుకుని ఆపిన ప్రతిసారీ అది పడుతుంది. ఆయన వెతికింది వేరే: పసుపు రంగు గుర్తుతో 129 అనే నంబరు, దాని పక్కన స్టోర్‌ఏహెచ్‌సీఐ అనే డిస్కు డ్రైవర్ పేరు. డిస్కుని ఏదో అడిగాం, జవాబు రాలేదు, అందుకని దాన్ని రీసెట్ చేశాం అని విండోస్ రాసుకునే మాట అది. నా సిస్టమ్‌లో అవి వరసగా ఉన్నాయి. టైములు చూస్తే నా ఫైలు సేవ్ చేసిన టైములే.

ఇక్కడిదాకా వచ్చాక వేరే ఎవరైనా ఎస్‌ఎస్‌డీ పోయింది, కొత్తది కొనండి అంటారు. ఈయన క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో నడిపారు. ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్, మీరూ ఇంట్లో వేసుకోవచ్చు. అందులో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం గుడ్ అని నీలం రంగులో ఉంది. కానీ కింద జాబితాలో సీ7 అనే వరస, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, పెద్ద అంకెతో ఉంది. డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోయిన ప్రతిసారీ ఆ అంకె పెరుగుతుంది. డిస్కులోని చిప్పులు పాడైతే పెరిగేవి వేరే వరసలు. అవన్నీ సున్నా. అంటే డిస్కు బాగుంది, దారి బాగాలేదు. ఇంకో సంగతి, ఆ సాఫ్ట్‌వేర్ ఈ అంకెల్ని మామూలుగా హెక్సా అనే పద్ధతిలో, అంకెలతో పాటు అక్షరాలు కలిపి, చూపిస్తుంది, మధ్యలో ఏ, బీ, సీలు కనిపిస్తే కంగారు పడొద్దు.

అప్పటికీ ఆయన తొందరపడలేదు. సిస్టమ్ ఉంచి వెళ్ళమన్నారు. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపారు, ర్యామ్‌లో ఒక్క తప్పు లేదు. ఎరేజర్ రుద్దుడు దండగే. తర్వాత ఎస్‌ఎస్‌డీ వైరు పీకేసి, పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ బదులు లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపి, వీడియోలు పెట్టి వదిలేశారు. ఎక్కడా ఆగలేదు. బోర్డు వీక్ అయిందన్న మాట అక్కడితో పోయింది. ఎస్‌ఎస్‌డీ తిరిగి కలిపి అదే లైనక్స్ నుంచి డిస్కు మొత్తం చదివిస్తే, నల్ల తెర మీద ఎర్రర్లు వరద. నేను తీసుకోవడానికి వెళ్ళినప్పుడు దాని ఫోటో ఫోన్‌లో చూపించారు. హార్డ్ రీసెట్టింగ్ లింక్ అని, అంటే డిస్కుతో లింక్ తెంచి మళ్ళీ కలుపుతున్నానని, ఆ కింద లింక్ వేగాన్ని 3 జీబీపీఎస్‌కి (సెకనుకి 3 గిగాబిట్లకి) పరిమితం చేస్తున్నానని ఇంకో లైను. 6 జీబీపీఎస్ మీద మాట్లాడలేక లైనక్స్ తనే వేగం తగ్గించుకుంటోంది. విండోస్‌లో అయితే ఇదంతా మనకి కనపడదు, గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవడమే.

అసలు దోషి సాటా కేబుల్, అంటే డిస్కుని బోర్డుకి కలిపే వైరు. పాత హార్డ్ డిస్కుతో పాటు ఏళ్ళుగా అందులోనే ఉన్నది. ఆ డిస్కు సాటా 2 రకం, 3 జీబీపీఎస్ మీదే పనిచేసేది, ఆ వేగానికి ఈ కేబుల్ సరిపోయింది. ఎస్‌ఎస్‌డీ 6 మీద మాట్లాడుతుంది. దానికి తోడు మొదటి షాపువాళ్ళు ఎస్‌ఎస్‌డీని బ్రాకెట్‌లో బిగించకుండా వైర్లకి వేలాడదీశారు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు ఉండవు కాబట్టి వేలాడితే దానికేమీ కాదు, కానీ దాని బరువంతా కేబుల్ మూతి మీద పడి, మడత దగ్గర నలిగిపోయింది. ఆ మూతికి పట్టి ఉంచే ఇనుప క్లిప్పు కూడా లేదు.

నాకు నమ్మకం కలగడానికి ఆయన ఇంకో పని చేశారు. హెచ్81 బోర్డు మీద 6 జీబీపీఎస్ పోర్టులు రెండు, 3వి రెండు ఉంటాయి. అదే చెడ్డ కేబుల్‌ని 3 పోర్టులో గుచ్చి నడిపారు, ఎర్రర్లు ఆగిపోయాయి. 6లో పెడితే మళ్ళీ వచ్చాయి. కొత్త కేబుల్ వేసి 6లో పెడితే రాలేదు. "బోర్డు మంచిగనే ఉంది మేడం. ఫార్మాట్ కొడితే కేబుల్ మారుతదా?" అన్నారు. నవ్వలేదు, మామూలుగానే అన్నారు. నాకైతే ఆ మాట ఫ్రేమ్ కట్టించుకోవాలనిపించింది.

బిల్లు: చెకింగ్‌కి 400, క్లిప్పు ఉన్న సాటా కేబుల్ 120, ఎస్‌ఎస్‌డీ బ్రాకెట్ 100. మొత్తం 620. దుమ్ము దులిపింది లెక్కలో లేదు. పద్నాలుగు వేల ఎస్టిమేట్ ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది. నా విండోస్, నా ఫాంట్లు, సగం చేసి ఆపిన శుభలేఖ ఫైలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంటికొచ్చాక సీ7 అంకె కాగితం మీద రాసి పెట్టుకున్నాను. కేబుల్ మార్చినా అది తగ్గదు, పాత లెక్క అలాగే ఉంటుంది, పెరగకపోతే చాలని ఆయన ముందే చెప్పారు. ముహూర్తాల సీజన్ మొత్తం అయిపోయింది, పెరగలేదు. సిస్టమ్ ఒక్కసారీ బిగుసుకోలేదు.

విండోస్ 11 ఉంచాలా తీసేయాలా అని కూడా అడిగాను. ఉంచమనీ అనలేదు, తీసేయమనీ అనలేదు. లెక్కకి సరిపడని సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ చేత్తో వేసుకోవాల్సి రావచ్చు, ఫైళ్ళు మాత్రం ఇంకో డిస్కులో కాపీ పెట్టుకోమన్నారు. కొత్త సిస్టమ్ అమ్మే అవకాశం అంత బాగా దొరికినా దాని జోలికే వెళ్ళలేదు.

ఇప్పుడు తగ్గించిన స్టార్ సంగతి. ఫోన్ ఎత్తరు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, వెళ్ళాక "ఇంకా నడుస్తున్నది, రేపు రండ్రి" అన్నారు. నాకు పెళ్ళి కార్డులు ఆగిపోయి ఉన్నాయి, ఒక మెసేజ్ పెడితే ఆటో ఖర్చు మిగిలేది. జీఎస్టీ బిల్లు అడిగితే చిన్న స్లిప్పు చేతిలో పెట్టారు. కేబుల్‌కి వారంటీ ఏమైనా ఉందా అంటే "పోతే తీసుకొని రండ్రి" అన్నారు, కాగితం మీద ఏమీ లేదు. అక్కడున్న కుర్రాడు బాగా పనిచేస్తాడు కానీ ఓనరు లేనప్పుడు వెళ్తే ఏమీ చెప్పడు, కూర్చోమంటాడు. కూర్చోవడానికి ఉన్నది ఒకే స్టూలు, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ప్రింటర్ ఉంటుంది. అర్జెంటు పని ఉన్నవాళ్ళకి ఈ షాపు సరిపడదు. రెండు మూడు రోజులు సిస్టమ్ లేకుండా గడపగలిగితేనే వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు సీపీయూ ఒక్కటే చాలు, మానిటర్, కీబోర్డు వాళ్ళ దగ్గర ఉన్నాయి. బిగుసుకుపోయినప్పుడు టాస్క్ మేనేజర్ తెర ఫోన్‌తో ఫోటో తీసి, టైము రాసుకుని వెళ్తే ఆయన సంతోషిస్తారు, ఈవెంట్ వ్యూయర్‌లో వెతకడం తేలికవుతుంది. ప్యారడైజ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు కానీ చేతిలో సీపీయూ ఉంటే ఆటోనే మేలు, బండి పార్కింగ్ సాయంత్రం పూట దొరకదు. ఆదివారం షాపు తీయరు. మధ్యాహ్నం పన్నెండులోపు వెళ్తే ఓనరు కచ్చితంగా ఉంటారు.