కుందేలు గుండె vs పావురం గుండె: భయం నేర్చుకుంటే ఎటు పోతుంది?

భయపడితే గుండె దడదడలాడుతుంది అనుకుంటాం కదా, కుందేలు దగ్గర ఆ లెక్క తప్పుతుంది. కదలకుండా కూర్చోబెట్టి ఒక టోన్ వినిపించి వెంటనే చిన్న షాక్ ఇస్తూ పోతే, కొన్నిసార్లకే టోన్ వినగానే దాని గుండె నెమ్మదిస్తుంది, అదే షాక్‌తో కనురెప్ప ఆర్పడం నేర్చుకోడానికి మాత్రం ఇంకా చాలా ట్రయల్స్ కావాలి. గుండె ఇలా నెమ్మదించడం వేగస్ నరం (మెదడు నుంచి గుండెకి వెళ్లి దాని వేగం తగ్గించే నరం) పని, అట్రోపిన్ అనే మందు ఇచ్చి దాన్ని బ్లాక్ చేస్తే ఆ తగ్గుదల దాదాపు మాయం. 1979లో కాప్ అనే పరిశోధకుడి టీమ్ మెదడులో భయంతో ముడిపడ్డ అమిగ్డలా అనే భాగంలోని సెంట్రల్ న్యూక్లియస్‌ని దెబ్బతీసి చూస్తే కూడా నేర్చుకున్న ఆ రెస్పాన్స్ బాగా తగ్గింది.

పావురంలో సీన్ రివర్స్. డేవిడ్ కోహెన్ అనే పరిశోధకుడు లైట్ వేసి కాలికి షాక్ ఇచ్చే పద్ధతి వాడాడు, అక్కడ లైట్ చూడగానే గుండె స్పీడవుతుంది, ఎక్కువ భాగం సింపథటిక్ నరాల (గుండె వేగం పెంచేవి) వల్ల, వేగస్ పట్టు సడలడం వల్ల కొంచెం.

టైమింగ్‌లోనూ తేడా ఉంది, వేగస్ సిగ్నల్ ఒకటి రెండు బీట్లలోనే పని చేసేస్తుంది, సింపథటిక్ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. అందుకే టోన్ రెండు మూడు సెకన్లే ఉండే ప్రయోగాలకి నా ఓటు కుందేలుకే. ఎలుకని మాత్రం మధ్యలోకి లాగకండి బాబూ, కట్టేసి చూస్తే ఒకలా, వదిలేస్తే ఇంకోలా వస్తుంది!