ఉచిత డయాలసిస్ సెంటర్లు: ఖర్చు తప్పింది, గంటలే చాలట్లేదు

ప్రభుత్వాసుపత్రుల్లో నడిచే ఉచిత డయాలసిస్ సెంటర్లకు మేమిచ్చే రేటింగ్ అయిదుకు మూడున్నర. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించింది. దానికి ఆరోగ్యశ్రీ తోడవడంతో చాలామందికి సిటీ దాకా పోయే బాధ తప్పింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లకు ఇదెంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రాలో డయాలసిస్ మీదున్నవాళ్లకు నెలకు 10,000 పింఛను ఇస్తున్నారు. తెలంగాణ సెంటర్లలో రక్తాన్ని వడకట్టే ఫిల్టరు ఒక్కసారి వాడి పారేసే పద్ధతి తెచ్చారు. రెండూ మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సినవే.

మార్కులు తగ్గింది టైము దగ్గర. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు పడాలి. చాలామందికి రెండుసార్లే అందుతోంది. పైగా తర్వాతి షిఫ్టు తొందరలో మూడున్నర గంటలకే మిషను ఆపేసే చోట్లున్నాయి. వారానికి మూడుసార్ల లెక్కన సారికి అరగంట చొప్పున పోతే నెలకు ఒకటిన్నర డయాలసిస్ ఎగిరిపోయినట్టే. మిషను ఎక్కేముందు రక్తంలో యూరియా 120 ఉంటే దిగాక 42 లోపు రావాలి. నెలకోసారైనా ఈ రెండు అంకెలూ అడిగి ఫైల్లో రాయించుకోండి.

మిషను ఒంట్లోంచి నీళ్లు తీసే వేగం కూడా చూడాలి. 50 కిలోల మనిషికి గంటకు 650 మిల్లీలీటర్లు దాటకూడదు, అంటే నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. ఒంట్లో నీరు చేరి నాలుగు కిలోలు పెరిగి వస్తే అదంతా ఒక్కపూటే లాగుతారు. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గుండె దెబ్బతింటుంది. నీళ్లు తగ్గించమని అందరూ చెబుతారు గానీ దాహం పుట్టించేది ఉప్పు. ముందు ఊరగాయ, అప్పడం మానాలి. శుక్రవారం చేయించుకున్నవాళ్లకు సోమవారం దాకా ఉండే గ్యాప్ అన్నిటికన్నా ప్రమాదం. ఆ రెండు రోజులూ కొబ్బరినీళ్లు, అరటిపండు జోలికి పోతే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు.

ఏసీ, టీవీ ఉన్నాయా అని కాదు, నీళ్లు శుద్ధి చేసే ఆర్వో గది ఎలా ఉందో చూడండి. ఒక్కో డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు పడతాయి. క్లోరిన్‌ను పట్టి ఉంచే కార్బన్ ట్యాంకు పాడైతే నీళ్లలోని క్లోరమిన్ అనే క్లోరిన్ రసాయనం రక్తంలోకొచ్చి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అందుకే ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ టెస్టు చేసి రాయాలి. రిజిస్టరులో నెలంతా ఒకే పెన్ను, ఒకే అంకె కనిపిస్తే అనుమానించాల్సిందే. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు మిషను వేరేగా ఉందా అనీ అడగండి.

రక్తం తిరిగి ఎక్కించాక ఫిల్టరును ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. లోపలి పోగులు దాదాపు తెల్లగా ఉండాలి. ఎర్ర చారలు మిగిలితే రక్తం గడ్డకట్టినట్టు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు చాల్లేదేమో డాక్టరును అడగాలి. ప్రతిసారీ ఇలా రక్తం పోతే హిమోగ్లోబిన్ నిలబడదు.

డయాలసిస్ కోసం మెడ రక్తనాళంలో పెట్టే గొట్టంతో (మెడ లైను) నెలల తరబడి నెట్టుకురావద్దు, ఇన్ఫెక్షన్లు ఎక్కువ. చేతిలో ధమనిని సిరతో కలిపే ఫిస్టులా వేయించుకుంటే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు పనికొస్తుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, సూది గుచ్చనివ్వొద్దు. రోజూ పొద్దున్నే దానిమీద వేళ్లు ఆనించి చూడండి, జుమ్మని అదురుతుండాలి. అదురు ఆగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.