గ్రాడ్యుయేషన్‌కి అమ్మానాన్నలు వస్తున్నారు, ఏ వేడుక మేలు?

వేసవి వచ్చిందంటే అమెరికాలో చదివే మన పిల్లలు అడిగేది ఇదే: యూనివర్సిటీ పెద్ద కమెన్స్‌మెంటా, అందులోని ఒక్కో కాలేజీ విడిగా జరిపే కాన్వొకేషనా, ఆసియా విద్యార్థుల ‘అపిడా’ వేడుకా? (అందులో ‘డి’ అంటే దేశీ, అంటే మనమూ ఉన్నాం.)

పెద్ద కమెన్స్‌మెంట్ అంటే స్టేడియం, ముఖ్య అతిథి ప్రసంగం, ఒక్కో కాలేజీవాళ్లని లేపి మూకుమ్మడిగా పట్టాలిచ్చినట్టు ప్రకటించడం. పెద్ద యూనివర్సిటీల్లో పేర్లు చదవడం అరుదు. పై వరసలో కూర్చున్న తల్లికి అన్ని గౌన్లలో తన బిడ్డెవరో ఆనదు.

పేరు పిలిచేది కాన్వొకేషన్‌లో. కాకపోతే వందల పేర్ల జోరులో ఉదయ్ కాస్తా ‘యూడే’ అయిపోతాడు. ఉచ్చారణ కార్డులో మొదటి ‘యు’ తీసేసి రెండు ‘ఓ’లు రాస్తే గట్టెక్కుతాడు. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖాళీగా ఉండి వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదని) పడినవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర పేరు ముందే సరిచూసుకోవాలి.

నా మొగ్గు మాత్రం అపిడాకే. మెడలో స్టోల్ (గౌను మీద వేసే కండువాలాంటి పొడుగు పట్టీ) వేసేది ఎవరన్నదే నాకు ముఖ్యం. నల్లజాతి విద్యార్థుల వేడుకల్లో ఘనా నేతబట్ట కెంటే స్టోల్‌ని ఇంటివాళ్లో గురువులో వేసే ఆనవాయితీ ఉంది. అపిడాలోనూ ఆ పద్ధతి ఉన్నచోట అమ్మానాన్నలే వేదిక ఎక్కుతారు. స్టోల్ బదులు మన పట్టు కండువా వేయనిస్తారేమో ముందే అడగండి. పాలియెస్టర్ గౌను మీద పట్టు జారిపోతుంది, భుజాల దగ్గర లోపలినుంచి రెండు పిన్నులు పెట్టాలి. మాస్టర్స్ హుడ్ (మెడ నుంచి వీపు మీదికి వేలాడే పట్టా గుర్తు) కూడా ఉంటే మెడ దగ్గర ఉబ్బుతుంది కాబట్టి పల్చటి కండువా మేలు.

పెద్ద వేడుకకి పేరిచ్చినంత మాత్రాన అపిడాకి ఇచ్చినట్టు కాదు. రిజిస్ట్రేషన్ వేరు, గడువు వేరు. లావెండర్ (ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులది), ఫస్ట్ జెన్ (ఇంట్లో మొదటిసారి కాలేజీ చదివినవాళ్లది) వేడుకలదీ ఇదే లెక్క.

అసలు ఆ వేడుక ఉందో లేదో చూసుకోవాలి. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల డైవర్సిటీ (డీఈఐ) కార్యక్రమాలని నిషేధించే ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చాక ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ ఇలాంటివి ఆపేసింది. అక్కడ విద్యార్థులు, పూర్వవిద్యార్థులే వాటిని జరుపుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ విద్యాశాఖ జాతులవారీగా వేరు చేసే గ్రాడ్యుయేషన్ వేడుకలని తప్పుపడుతూ లేఖ రాసింది, ఏప్రిల్‌లో హార్వర్డ్ ఇలాంటి వేడుకలకి డబ్బు, సిబ్బంది, స్థలం ఇవ్వడం మానేసింది. కాబట్టి అమ్మానాన్నలకి విమానం టికెట్లు కొనేముందు నిర్వాహకులకి మెయిల్ పెట్టి తేదీ, స్థలం, ఒక్కొక్కరికి ఎన్ని సీట్లో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

జరగడం లేదంటే కాన్వొకేషన్‌కే పిలిపించుకోండి. కండువా మాత్రం కారులో ఉండనివ్వండి, బయట ఫొటోలప్పుడు అమ్మ చేత వేయించుకోవచ్చు.