ఆకుల ప్యాకెట్ మంచిదే, ఆ పచ్చరంగుతోనే తంటా

విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైన్లో ఇరవై రెండేళ్లు గూడ్సు నడిపాను. రిటైరయ్యాక మేడ మీద గదిలో 1:87 స్కేల్లో, అంటే అసలుకు 87వ వంతు సైజులో, బొర్రా గుహల స్టేషన్ బొమ్మ నమూనా కడుతున్నాను. పట్టాలు, పెట్టెలు కుదిరాయి. చెట్ల దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు రెడీమేడ్ చెట్లు తెప్పించాను. ఒక్కోటి 8 సెంటీమీటర్లు, అంటే అసలు చెట్టు ఏడు మీటర్లన్నమాట. అరకులో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ బాగా ఎదిగితే 20 మీటర్లుంటుంది. ఈ స్కేల్లో అది 23 సెంటీమీటర్లు, ఇంచుమించు నా బొమ్మ ఐసీఎఫ్ పెట్టెను (చెన్నై ఫ్యాక్టరీ రకం ప్యాసింజర్ బోగీ) నిలబెట్టినంత. కొండ మీద గుచ్చి చూస్తే కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి.

తర్వాత కొన్నదే ఈ ఆకుల ఫోమ్, అంటే బొమ్మ చెట్లకు ఆకుల్లా అంటించే రంగు స్పాంజి. ముక్కలది ఒకటి, పొడిది ఒకటి, పోస్టేజీతో 1,150 రూపాయలు. కంపెనీ పేరు అనవసరం. చేత్తో తుంచితే ఏ ముక్కా ఇంకోదానిలా రాదు, అదే దీని గొప్ప. ఎండిన తులసి కొమ్మలకు అంటిద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, గోరింట పుల్లలతో సరిపెట్టుకున్నాను. కొమ్మంతా కప్పేయకండి, సందుల్లోంచి వెలుగు కనపడాలి. ఫెవికాల్‌కి మూడు రెట్లు నీళ్లు, ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి స్ప్రే చేయండి. సబ్బు లేకపోతే చామాకు మీద నీళ్లలా పైనే జారిపోతుంది.

ఇక రంగు. చిలకపచ్చ! మా లైన్ పక్కన ఆ రంగు చెట్టు నేనెప్పుడూ చూడలేదు. సిల్వర్ ఓక్ ఆకు అడుగున వెండిలా ఉంటుంది, గాలికి తిరగబడితే చెట్టంతా బూడిద రంగే. అందుకే కింది నుంచి గ్రే ప్రైమర్ ఒక్క విసురు కొట్టాను. పట్టాల పక్క పొదల మీద ఇనుప ఖనిజం బండ్ల ఎర్రదుమ్ము ఉండాలి కదా, ఇటుక పొడి గుడ్డలో జల్లించి చల్లాను. "తాతయ్యా, చెట్టుకి కారం వేశావా?" అన్నాడు మనవడు. పాత టూత్‌బ్రష్‌తో సగం దులిపాక కుదిరింది.

లోపం ఒకటుంది. తడి తగిలితే ఈ ఫోమ్ రంగు దిగుతుంది. తెల్లటి ప్లాస్టర్ కొండ మీద పచ్చ మరకలు పడ్డాయి. కొండకు ముందే మట్టిరంగు వేసుకోండి.

రెండోసారి ఆలివ్ రంగు ఆర్డర్ పెట్టాను. ఇంకా నూట నలభై చెట్లు కావాలి.