మాస్టర్ ఆఫ్ రియాలిటీ రెండు డిస్కుల ఎడిషన్: గిటార్ వాయించేవాళ్లకు అసలు సరుకు రెండో డిస్కులోనే

బ్రిటిష్ హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బాత్ మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' 1971లో వచ్చింది. 8 ట్రాకులు, మొత్తం కలిపి 34 నిమిషాలు. పాటలు మాత్రమే వినాలంటే ఏ ఎడిషన్ అయినా సరిపోతుంది. కానీ హెవీ గిటార్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చేత్తో పట్టి చూడాలనుకుంటే 2009లో వచ్చిన రెండు డిస్కుల ఎడిషన్ కొనాలి. మొదటి డిస్కులో అసలు ఆల్బమ్. రెండో దాంట్లో స్టూడియోలో మిగిలిన టేకులు: 'ఆఫ్టర్ ఫరెవర్', 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్' గొంతు లేకుండా, 'స్వీట్ లీఫ్' వేరే సాహిత్యంతో, 'ఇంటూ ద వాయిడ్' తొలి రూపం 'స్పానిష్ సిడ్' అనే పేరుతో, ఇంకా కొన్ని.

గొంతు లేని 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్' ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటవుతాయి. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ గొంతు తప్పుకోగానే గిటారిస్టు టోనీ అయోమీ కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ ఏం చేస్తున్నాయో విడివిడిగా తెలుస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అడుగు తీగ (అన్నిటికన్నా లావైనది) మీదే చెవి నిలపండి. పిక్ తగిలిన క్షణంలో స్వరం కాస్త పైకి ఎగిరి, ఆ వెంటనే కిందికి జారి కుదురుకుంటుంది. 'డ్వాం' అన్నట్టు ఉంటుంది. అది ఎఫెక్టు పెడల్ పని కాదు, వదులు తీగ స్వభావం. బిగువు తక్కువగా ఉన్న తీగను గట్టిగా కొడితే, ఆ దెబ్బకు పెరిగే బిగువు అసలు బిగువుతో పోలిస్తే ఎక్కువ, అందుకే స్వరం అంతగా ఊగుతుంది. అదే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కను) మామూలు శ్రుతిలో వాయించి పెడల్‌తో కిందికి దించితే ఎత్తు సరిపోతుంది గానీ ఈ ఊగు రాదు. చాలామంది తడబడేది ఇక్కడే.

తీగలు వదులు చెయ్యడానికి కారణం సరదా కాదు. అయోమీ ఎడమచేతి వాటం మనిషి, మెడ మీది ఫ్రెట్ల (అడ్డ కమ్మీల) మీద నొక్కేది కుడిచేత్తో. 17 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ మిషన్‌లో పడి ఆ చేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, వాటికి తోలు అంటించుకుని వాయించాడు. తొడుగు వేసిన వేలికి తీగ తగులుతున్నదీ లేనిదీ సరిగ్గా తెలియదు, గట్టి తీగ లాగితే నొప్పి. అందుకే ముందు సన్న తీగలకు మారాడు. ఈ ఆల్బమ్‌లో 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్', 'లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్', 'ఇంటూ ద వాయిడ్' పాటలకు శ్రుతిని మూడు సెమీటోన్లు (అరస్వరాలు) దించేశాడు. బాస్ వాయించే గీజర్ బట్లర్ కూడా దించాడు. లావు తీగలు వేసి బిగించి దించడం తర్వాతి తరం అలవాటు. ఇక్కడ ఉన్నది సన్నమూ, వదులూ రెండూ కలిసినది.

లెక్క చూద్దాం. అడుగు తీగ మామూలుగా 'ఇ', 82.4 హెర్ట్జ్. మూడు సెమీటోన్లు దిగితే 'సి షార్ప్', 69.3 హెర్ట్జ్. లావు నుంచి సన్నానికి వరుస: సి షార్ప్, ఎఫ్ షార్ప్, బి, ఇ, జి షార్ప్, సి షార్ప్. బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే తీగ మీద సుమారు 29 శాతం తగ్గుతుంది. 11 సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ 0.011 అంగుళాలు ఉండే తీగల సెట్టు) వేస్తే 9 సెట్టు మామూలు శ్రుతిలో ఉన్నంత బిగువు తిరిగొస్తుంది. అప్పుడు వాయించడం హాయిగానే ఉంటుంది, కాకపోతే ఈ రికార్డులోని ఊగు సగం పోతుంది. పొట్టి స్కేలు (తీగ ఊగే పొడవు) గిటార్‌కు, అంటే గిబ్సన్ ఎస్‌జీ లాంటి 24.75 అంగుళాల వాటికి, 10 సెట్టు దగ్గర ఆగడం మేలు. 25.5 అంగుళాల స్కేలుకు అదే తీగ మీద 6 శాతం బిగువు ఎక్కువ, కాబట్టి దానికి 9 సెట్టు కూడా నడుస్తుంది.

శ్రుతి దించగానే గిటార్ మొరాయిస్తుంది. మొదట మెడ నిటారవుతుంది, కొన్నిసార్లు వెనక్కే వంగుతుంది, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో జరజరమని మోత వస్తుంది. ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీని) పావు తిప్పు వదులు చేసి, ఒక రాత్రి అలాగే ఉంచి, అడుగు తీగను మొదటి, చివరి ఫ్రెట్ల దగ్గర నొక్కిపట్టి 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింది ఖాళీ కొలవండి. 0.25 మి.మీ. చుట్టుపక్కల ఉంటే చాలు. 12వ ఫ్రెట్ దగ్గర అడుగు తీగ ఎత్తు 2 మి.మీ.కు తగ్గనివ్వొద్దు, వదులు తీగకు ఊగే చోటు కావాలి. ఆ తర్వాత ఇంటొనేషన్ (మెడ పొడవునా స్వరం సరిగ్గా పలకడం): 12వ ఫ్రెట్ స్వరం హెచ్చుగా పలికితే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) మెడ నుంచి దూరంగా జరపాలి. తేలే బ్రిడ్జి ఉన్న గిటార్‌లో స్ప్రింగులదే పైచేయి అయి బ్రిడ్జి లోపలికి కుంగుతుంది. వెనక స్ప్రింగులను పట్టి ఉంచే పంజా స్క్రూలు వదులు చేస్తే సర్దుకుంటుంది. ఇవన్నీ అయ్యాక కూడా స్వరం హెచ్చుగా వినిపిస్తుంటే తప్పు వేలిదే, అంత గట్టిగా నొక్కక్కర్లేదు. ట్యూనర్ చూసేటప్పుడు మెల్లగా మీటకండి. పాటలో ఎంత గట్టిగా కొడతారో అంత గట్టిగా కొట్టి, ముల్లు కుదురుకున్నాక చూడండి.

ఇక గెయిన్ (ఆంప్‌లో స్వరాన్ని గరగరలాడించే నాబ్) సంగతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు హెవీ అనగానే ఆ నాబ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. రెండో డిస్కు వింటే ఆ భ్రమ పోతుంది. అయోమీ వాడినది ట్రెబుల్ బూస్టర్ (పైస్థాయిని పెంచే పరికరం), దాని వెనక లేనీ ఆంప్. మధ్యస్థాయి నిండుగా ఉంటుంది, అడుగుభాగం బట్లర్‌కు వదిలేసి ఉంటుంది. బాస్‌ను సున్నా దగ్గర పెట్టి మొదలుపెట్టి, మిడ్ సగం దాటించి, గెయిన్ సగం లోపే ఉంచితే దారిలో పడతారు. మిడ్ తీసేస్తే రెండు తీగల కార్డు పిండిలా ముద్దవుతుంది.

ఈ వాయింపు ఎవరెవరికి చేరిందో ఈ ఆల్బమ్‌తోనే చూడొచ్చు. సౌండ్‌గార్డెన్ 1992లో 'ఇంటూ ద వాయిడ్' తీసుకుని, మాటలన్నీ తీసేసి అమెరికా ఆదివాసీ నాయకుడు చీఫ్ సీల్త్ ప్రసంగంగా చెప్పుకునే దానిలోని మాటలు పెట్టింది, రిఫ్ జోలికి మాత్రం పోలేదు. క్యూస్ కూడా అదే పాట వాయించింది. ఆ బృందం ఇంకో సెమీటోన్ దిగి 'సి' దగ్గర స్థిరపడింది, స్లీప్ అనే బృందం కూడా అంతే. మెటాలికా 1991లో 'సాడ్ బట్ ట్రూ'కు రెండు సెమీటోన్లు దిగింది. 2006లో బ్లాక్ సబ్బాత్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చే వేదిక మీద నిలబడి మాట్లాడింది కూడా మెటాలికావాళ్లే. 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో జరిగిన బ్లాక్ సబ్బాత్ చివరి కచేరీలో ఆంత్రాక్స్ ఎత్తుకున్నది మళ్లీ 'ఇంటూ ద వాయిడే'. ఇన్ని బృందాలు ఒకే పాట దగ్గరికి రావడం చూస్తే ముచ్చటేస్తుంది. మెటాలికా అయోమీ బరువును తీసుకుని బిగించింది, ప్రతి దెబ్బా గీత గీసినట్టు ఉంటుంది. క్యూస్, స్లీప్ ఆ వదులును అలాగే అట్టిపెట్టుకున్నాయి. మా ఓటు రెండోదానికి.

లోపాలు లేకపోలేదు. పియానో, స్లైడ్ గిటార్ కలిపిన 'లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్' ఒకసారి వింటే చాలు. 'ఆర్కిడ్' అదనపు టేకులో కొత్తగా దొరికేది మొదట్లో అయోమీ లెక్కపెట్టడం ఒక్కటే, దానికో ట్రాకు కేటాయించడం అతి. 28 సెకన్ల 'ఎంబ్రియో'ను మాత్రం దాటేయకండి, 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్'కు తలుపు అదే.

ఎల్పీయే కావాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఒక్కో వైపు సుమారు 17 నిమిషాలే కాబట్టి బాస్ గాడులకు చోటు బాగా దొరికింది, వినడానికి ఎల్పీ మంచిదే. దానితో పాటు వాయించాలంటే మాత్రం ప్లేయర్ వేగం చూసుకోండి. 1 శాతం తేడా వస్తే 17 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) తప్పుతుంది, గిటార్ సరిగ్గా ఉన్నా అపశ్రుతే వినిపిస్తుంది. పాత అమెరికన్ ప్రతుల మీద 'ది ఎలిజీ', 'డెత్‌మాస్క్' లాంటి అదనపు పేర్లు కనిపిస్తే అవి వేరే పాటలనుకుని ఎక్కువ ధర పెట్టొద్దు. ఉన్న పాటల్లోని భాగాలకే పెట్టిన పేర్లు అవి, సంగీతం అంతా ఆ 8 ట్రాకులే.

కొన్నాక వినే వరుస: ముందు 'స్పానిష్ సిడ్', వెంటనే మొదటి డిస్కులో 'ఇంటూ ద వాయిడ్'. ఆ తర్వాత గొంతు లేని 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్' పెట్టి గిటార్ అందుకోండి.