"38 స్పెషలే" అని చెప్పే పాత రివాల్వర్ తో జాగ్రత్త, నేను 425 డాలర్లు పోగొట్టుకున్నా

టెక్సాస్ లో ఉండే మనోళ్ళు ఈ మధ్య చాలామంది రేంజ్ కి వెళ్తున్నారు, పాత రివాల్వర్ల మీద మోజు కూడా పెరిగింది, అందుకే సిగ్గు విడిచి రాస్తున్నా.

పోయిన నవంబర్ లో ఒక గన్ షోకి వెళ్ళా. అక్కడ ఒకాయన టేబుల్ మీద స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్, అంటే రెండో ప్రపంచ యుద్ధం టైంలో 1942 నుంచి 45 దాకా చేసినవి, సీరియల్ నంబర్ ముందు వి అక్షరం ఉంటుంది. 5 ఇంచీల బారెల్, పిడి కింద తాడు కట్టుకునే రింగు, చూడగానే మనసు లాగేసింది. "ఇది 38 ఏ కదా" అన్నా, "38 స్పెషలే (ఇక్కడ ఎక్కువగా వాడే ఒక తూటా రకం), ఏ షాపులో అయినా తూటాలు దొరుకుతాయి" అన్నాడు. 425 ఇచ్చి తెచ్చేసుకున్నా. బారెల్ మీద సన్నగా బ్రిటిష్ ముద్రలు ఉన్నాయి, పాతకాలం అందం అనుకున్నానే తప్ప చదవలేదు, చదివుంటే అక్కడే తెలిసిపోయేది.

రేంజ్ లో మొదటి ఆరు కాల్చి ఖాళీ కేసులు, అంటే తూటా ఇత్తడి గొట్టాలు, బయటికి తోస్తే కష్టంగా వచ్చాయి, చూస్తే అన్నిటికీ వెనకవైపు పొట్ట ఉబ్బింది, రెండిటికి నిలువునా చీలిక. ముఖం మీదకి వేడి గాలి కొట్టినట్టు అనిపించింది, కళ్ళద్దాలు పెట్టుకున్నా కాబట్టి సరిపోయింది. గురి సంగతి అడక్కండి, 15 గజాల్లో అట్టపెట్టె మూత అంత వెడల్పున చెల్లాచెదురు.

గన్ స్మిత్ కి (తుపాకులు బాగుచేసే ఆయనకి) చూపిస్తే ఆయన సిలిండర్, అంటే తూటాలు పెట్టే తిరిగే చక్రం, లోకి లైట్ వేసి చూసి నవ్వాడు. విషయం ఏంటంటే, అమెరికా వాళ్ళు ఈ మోడల్ ని తమకోసం 38 స్పెషల్ లో, 4 ఇంచీల బారెల్ తో చేసుకున్నారు, బ్రిటన్ కి పంపినవి మాత్రం 38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్ పేరుతో ఉన్న వేరే తూటా రకం) లో చేశారు, బ్రిటిష్ వాళ్ళు దాన్నే 38/200 అనేవాళ్ళు. పేరులో రెండిటికీ 38 ఉంది గానీ ఇవి అన్నదమ్ములు కాదు, ఇంటిపేరు కలిసిన పరాయివాళ్ళు. ఎస్ అండ్ డబ్ల్యూ కేసు పొట్టి, లావు, 0.386 ఇంచీలు. స్పెషల్ కేసు పొడుగు, సన్నం, 0.379. యుద్ధం అయ్యాక ఇవి సర్ప్లస్ గా తిరిగి అమెరికా వచ్చినప్పుడు, ఆ పొట్టి తూటాలు అంత సులువుగా దొరకవు కాబట్టి చాలా వాటికి చాంబర్ (సిలిండర్ లో తూటా కూర్చునే రంధ్రం) లోపల ముందుకి తొలిచేసి పొడుగు తూటా పట్టేలా చేసి అమ్మేశారు. ముందువైపు తొలిచారు సరే, వెనకవైపు ఉన్న లావు ఎక్కడికి పోతుంది? అక్కడ కేసుకి ఆనుకునే గోడ లేదు, పేలగానే ఇత్తడి ఉబ్బుతుంది, ఎక్కువ ఉబ్బితే చీలుతుంది. పైగా బారెల్ 0.361 బుల్లెట్ కోసం చేసింది, స్పెషల్ బుల్లెట్ 0.358, వదులు చొక్కా వేసుకున్నట్టు లోపల ఆడుకుంటూ పోతుంది.

పేలినప్పుడు లోపల పుట్టే ప్రెషర్ కూడా ఒకటి కాదు. ఎస్ అండ్ డబ్ల్యూ కి స్టాండర్డ్ గరిష్టం 14,500 పీఎస్ఐ, స్పెషల్ కి 17,000, ప్లస్ పీ (అదే తూటాలో ఎక్కువ బలమైన రకం) అయితే 20,000. ఇందులో కంపెనీ తప్పేం లేదండోయ్, ఫ్యాక్టరీ నుంచి సరిగ్గానే వచ్చింది, తర్వాత ఎవరో చేసిన పని ఇది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అసలు తూటాకీ పాడైంది, కొత్త తూటాకీ సరిగ్గా కుదరలేదు, కలెక్టర్ల దగ్గర విలువ కూడా పోయింది.

సరే బాగు చేయించుకుందాం అన్నా. తొలిచేసిన ఇనుము తిరిగి రాదు, సరైన సిలిండర్ వెతకాలి, బారెల్ మార్చాలి, మళ్ళీ టైమింగ్ (చాంబర్ బారెల్ కి సరిగ్గా ఎదురుగా ఆగడం) సరిచేయాలి, అన్నీ కలిపి ఆయన చెప్పిన అంకె విన్నాక నోరు మూసుకున్నా. దానికన్నా తక్కువకే పోలీసులు వాడి వదిలేసిన మోడల్ 10, అంటే స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ 38 స్పెషల్ రివాల్వర్, ఒకటి ఆయన షాపులోనే ఉంది, పైన రంగు పోయింది గానీ లోపల గడియారంలా ఉంది. ఆ పని మొదటే చేసుంటే ఆ 425 మిగిలేది.

కొనేముందు చేయాల్సింది చాలా చిన్న పని. బారెల్ మీద, సిలిండర్ మీద ముద్రలు చదవండి, ".38 .767" అనో "3½ టన్స్" అనో ఉంటే అది బ్రిటిష్ ప్రూఫ్ (గన్ ని పరీక్షించి వేసే ముద్ర), అంటే పుట్టుకతో 38 ఎస్ అండ్ డబ్ల్యూ. అమ్మేవాడి పర్మిషన్ తో రెండు రకాల డమ్మీ తూటాలు చాంబర్ లో పెట్టి చూడండి, అసలు స్పెషల్ చాంబర్ లో లావుది దూరదు, అసలు ఎస్ అండ్ డబ్ల్యూ చాంబర్ లో పొడుగుది పూర్తిగా దిగదు. రెండూ హాయిగా కూర్చున్నాయంటే తొలిచేశారని అర్థం, నమస్కారం పెట్టి వచ్చేయండి. "బోలెడుమంది కాలుస్తున్నారు, ఏం కాలేదు" అంటారు, నాతోనూ అన్నారు.

వెబ్లీ మార్క్ 6 అనే పాత బ్రిటిష్ రివాల్వర్ ది కూడా ఇదే కథ. అది 455 తూటా కోసం చేసింది, అమెరికాలో సిలిండర్ వెనక భాగం చెక్కేసి 45 ఏసీపీ అనే పిస్టల్ తూటాకి మార్చారు, మామూలు ఫ్యాక్టరీ 45 తూటా ఆ పాత ఇనుముకి ఎక్కువ భారం.

రెండు రకాల తూటాలు కావాలనే కోరిక ఉంటే 357 మాగ్నమ్ రివాల్వర్ కొనుక్కోండి, 38 స్పెషల్ అందులో ఎలాగూ పోతుంది. లేదా రూగర్ కంపెనీ బ్లాక్ హాక్ కన్వర్టిబుల్ రివాల్వర్, 357 కి ఒకటి 9 ఎంఎం కి ఒకటి రెండు సిలిండర్లు ఫ్యాక్టరీలోనే ఆ గన్ కి అమర్చి ఇస్తారు. విడిగా సిలిండర్ ఒక్కటే దొరికిందని కొని మీ దాంట్లో పెట్టేయకండి, అది వేరే గన్ కొలతకి చేసింది.

అన్నట్టు హెచ్ 1, ఎఫ్ 1 మీద ఉన్న తమ్ముళ్ళు ఇది చదివి గన్ షోకి పరిగెత్తకండి, ఆ వీసాల మీద గన్ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి, లాయర్ని అడిగాకే.

నా విక్టరీని మొన్న ఒకాయన 300 కి అడిగాడు. చీలిన కేసులు చూపించి జరిగింది చెప్పా, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అది సేఫ్ లో ఉంది, ట్రిగ్గర్ గార్డ్ కి దారంతో చీటీ కట్టా, "తొలిచేసింది, కాల్చొద్దు" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి.