రాజపాళయం కుక్క: జీడితోటలో ఏళ్ల తరబడి పెంచాక

రాజపాళయం కొందామనుకుంటున్నారా? అయితే ముందు కంచె వేయించండి. కంచె లేని చోట ఈ కుక్క తోటని కాయదు, తోట వెనక కొండని కాస్తుంది.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ వైపు. కొండ కింద జీడితోట, మధ్యమధ్య పనసలు, తోటలోనే ఇల్లు. మార్చి నుంచి మే దాకా జీడిపిక్క రాలుతుంది. దొంగల భయం ఆ మూడు నెలలే. పనస పండితే ఎలుగులు దిగుతాయి, దుంపలు వేస్తే పందులొస్తాయి. ఇదివరకు ఊరకుక్కలే కాసేవి, బాగానే కాసేవి కూడా. మా ఆయనకి పెద్ద కుక్క మోజు. పాలలా తెల్లగా, పొడుగ్గా, గులాబీరంగు ముక్కుతో దిగిన పిల్లని చూసి మా అత్తగారు "దొరొచ్చాడ్రా" అన్నారు. ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు దొర ముసలాడయ్యాడు కాబట్టి ఇది పిల్ల మురిపెంలో రాస్తున్నది కాదు.

ఈ జాతికి పేరిచ్చిన రాజపాళయం తమిళనాడులో, విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉంది. అక్కడి రాజు కులస్థులు మన తెలుగువాళ్లే. విజయనగర కాలంలో దక్షిణానికి వెళ్లి స్థిరపడినవాళ్లు. కుక్కని కూడా వాళ్లే వెంట తీసుకెళ్లారని ఒక కథ ఉంది. మనకి వినసొంపుగానే ఉంటుంది గానీ కాగితం చూపించమంటే ఎవరూ చూపించరు. రెండో కథ ఇంకా జోరైనది. ఇది పాళెగాళ్ల కుక్కట, 1799 నుంచి 1805 దాకా సాగిన తిరుగుబాట్లలో ఇంగ్లీషువాళ్ల గుర్రాల మీదికి దూకిందట. కుక్కలమ్మేవాళ్లు ఈ కథని పిల్లతోపాటు ఉచితంగా ఇస్తారు.

నాకు కథలకంటే దాని ఒంటి తీరు మీద నమ్మకం. సన్నటి నడుము, లోతైన రొమ్ము, పొడుగు కాళ్లు, భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. ఇది కంటితో పసిగట్టి, పరిగెత్తి పట్టే వేటకుక్క. అడవిపందుల వేటకి వాడేవాళ్లు. ఆ వేటలూ వేటగాళ్లూ పోయాక ఇంటిముందు కాపలాకి మిగిలింది. 2005లో తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద స్టాంపులు వేస్తే ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెలకుక్కలతోపాటు దీనికీ చోటు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని పేరెత్తాక మా వైపు కూడా అడిగేవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామందికి కావలసింది గేటు దగ్గర మొరిగే కుక్క.

దొర మొరగడు. కొత్తవాళ్లు "ఏటమ్మా, ఈ కుక్క అరవదా?" అని అడుగుతారు. తల కాస్త దించి, మనిషి మీంచి చూపు తిప్పకుండా, గేటుకీ అరుగుకీ మధ్య నిలబడతాడంతే. పిక్కలు కొనే షావుకారు ఏటేటా వస్తాడు, ఏటేటా ఆయన్ని దొరకి మళ్లీ పరిచయం చెయ్యాలి. నేను ఎదురుగా ఉన్నంతసేపూ దొర పడుకునే ఉంటాడు. టీ పెట్టడానికి లోపలికెళితే చాలు, లేచి ఆయన మోకాళ్ల ముందు నిలబడతాడు. గుర్రుమనడు, కరవడు. పాపం షావుకారు గొంతు పెంచి "అమ్మా, టీ వద్దులెండి" అంటాడు.

దొంగలకీ ఇదే మర్యాద. బస్తా కోసం వచ్చేవాడు కుక్క అరుపు కోసం చెవి ఒగ్గి వస్తాడు. అరుపు లేదు కదా అని లోపలికి దిగుతాడు. అలా దిగినవాడొకడు జీడిచెట్టెక్కి తెల్లారేదాకా కిందికి రాలేదు. మంచిదే, కానీ మాకు సంగతి తెలిసింది కూడా తెల్లారాకే! మనల్ని లేపే పని ఈ కుక్క చెయ్యదు. అందుకే ఊరకుక్కని మానెయ్యలేదు. అది అరుస్తుంది, దొర వెళ్తాడు. నన్నడిగితే జీడితోటకి ఆ జతే కాపలా. ఒక్క రాజపాళయాన్ని తెచ్చి తోట అప్పగించి నిద్రపోదామనుకుంటే కుదరదు.

దీనికి ఇల్లంతా యజమాని కాదు, ఒక్కరే. డబ్బిచ్చి కొన్నది మా ఆయన, అన్నం పెట్టేది నేను. ఆయన పిలిస్తే వస్తాడు, కానీ ముందు నా మొహం చూసి వస్తాడు. మా తోటలో తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడతాయి. మాట వినకపోవడంలో దొరకి మూడూ సమానమే. పైవాళ్లు ఒంటి మీద చెయ్యి వేస్తే పక్కకి జరుగుతాడు, మళ్లీ వేస్తే పన్ను చూపిస్తాడు. ఇంట్లో శుభకార్యమైతే వెనకగదిలో పెట్టి తలుపెయ్యాల్సిందే. మా పిల్లలు తోక లాగినా ఓర్చుకున్నాడు. పక్కింటి పిల్లలు కేకలేస్తూ పరిగెడితే మాత్రం వాడి చెవులు నిక్కబొడుస్తాయి. అప్పుడు నేను ఎంత పనిలో ఉన్నా బయటికొస్తాను.

పరిగెత్తేదేదైనా వాడికి వేటే. మా ఆవులూ కోళ్లూ వాడు పిల్లగా ఉన్నప్పటి నుంచి కళ్లముందున్నవి కాబట్టి వాటి జోలికి పోడు. ఊళ్లోవాళ్ల మేకలకి ఆ మినహాయింపు లేదు. ఒక మేకకి పూర్తి ఖరీదు కట్టాం, మాటలూ పడ్డాం. కంచె లేని రోజుల్లో ఒకసారి పంది వెంట కొండెక్కి, మర్నాడు తొడ చీలి దిగాడు. పర్లాకిమిడి తీసుకెళ్లి కుట్లు వేయించాం. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పందీ, ఎలుగూ రక్షణ ఉన్న జంతువులే. వాటి మీదికి కుక్కని ఉసిగొల్పడం నేరం. పైగా ఎలుగు ఒక్క చేతి దెబ్బకి కుక్క మిగలదు. పనస పండే రోజుల్లో రాత్రిళ్లు దొర లోపలి ఆవరణలోనే.

ఇక ఆరోగ్యం. అందరూ మెచ్చుకునే తెలుపే ఈ జాతికి శాపం. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికి కూడా కావాలి. అవి లేకపోతే పిల్ల చెవిటిదవుతుంది. ఈ జాతిలో చెవుడు అరుదు కాదు. కొనేటప్పుడు పిల్ల నిద్రపోతుండగా వెనక నుంచి తాళాల గుత్తి ఆడించి చూడండి. చప్పట్లు కొట్టకండి, కాలు తట్టకండి; గాలి తగిలినా, నేల అదిరినా చెవిటి పిల్ల కూడా లేస్తుంది. తోబుట్టువుల మధ్య ఉండగా కూడా చూడకండి, పక్కది లేస్తే ఇదీ లేస్తుంది. దొరకి ఒక చెవే పనిచేస్తుందని మా అనుమానం. ఎడమవైపు నుంచి పిలిస్తే ముందు కుడివైపు వెతుకుతాడు.

బొచ్చు పొట్టి కాబట్టి మా ఉక్కపోతని చాలా విదేశీ కుక్కలకన్నా బాగా తట్టుకుంటాడు. కానీ ఏప్రిల్ ఎండకి ముక్కూ చెవి అంచులూ కమిలిపోతాయి. పగలు నీడ తప్పనిసరి. వానలు పడ్డాక పిడుదులతో అసలు పని. తెల్లటి ఒంటి మీద ఇట్టే కనబడతాయి, అదొక్కటే సుఖం. ఒక ఏడు పిడుదుల జ్వరం వచ్చి తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయాయి. డాక్టరు రక్తపరీక్ష చేసి వారాల తరబడి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కోలుకున్నాడు. తిండికి పెద్ద ఖర్చేం లేదు: చోడి (రాగి) అంబలి, మజ్జిగ, గుడ్లు, కోడిమాంసం. ఎంత పెట్టినా పక్కటెముకలు రెండు మూడు కనిపిస్తూనే ఉంటాయి, ఈ జాతి కట్టే అంత. చుట్టాలు "కుక్కకి తిండి పెట్టరేమే" అని నన్ను అంటూనే ఉంటారు.

కొనేవాళ్లకి ఇంకొక్క సంగతి. తెల్లగా ఉన్నదల్లా రాజపాళయం కాదు. లాబ్రడార్ కలిసినవి కూడా ఇదే పేరుతో మా దగ్గరికొస్తున్నాయి. ముక్కు గులాబీరంగులో ఉండాలి, ముఖం పొడుగ్గా, నుదురు దగ్గర గట్టి మెట్టు లేకుండా ఉండాలి. తల్లిని తప్పక చూడండి, వీలైతే తండ్రిని కూడా. కెన్నెల్ క్లబ్ కాగితాలుంటే రెండువైపులా వంశం చదవండి, ఒకే పేరు మాటిమాటికీ కనిపిస్తే దగ్గరి చుట్టరికంలో కలిపారన్నమాట. తమిళనాడు నుంచి రైలు పెట్టెలో పంపిస్తాం, సగం ముందు కట్టండి అనేవాళ్లకి పైసా ఇవ్వకండి. పిల్లని ఒళ్లో పెట్టుకుని, తాళాలు ఆడించి చూశాకే బేరం మొదలుపెట్టండి.